ఒక్క కుండ గంజి

పెద్దలు నన్ను గౌరవించి కుర్చీ వేసి కూర్చోబెట్టడం నా జీవితంలో రెండుసార్లే జరిగింది. మొదటిది చిన్నప్పుడు బడిలో, అది గోడకుర్చీ. రెండోది మొన్నీమధ్య సూర్యాపేటలో ఒక సభలో, అది మెత్త వేసిన కుర్చీ. రెండు చోట్లా వాళ్ళు లేవమనేదాకా లేవడానికి లేదు, రెండు చోట్లా చెబుతున్నది నాకు అర్థం కాలేదు. బడిలో పంతులుగారు ఉర్దూలో చెప్పేవారు, నాకు తెలుగు తప్ప వచ్చేది కాదు, మా మధ్య దుబాసీ పని బెత్తం చూసుకునేది. ఆ దుబాసీ మరీ నిక్కచ్చి మనిషి కావడంతో నాలుగో తరగతి దాటకుండానే నేను గొర్రెల వెంట పడ్డాను. గొర్రెలు నన్ను ఏమీ అడిగేవి కావు.

మొన్నటి సభలో బెత్తం లేదు, తెర ఉంది. ఊళ్ళలో చిన్న వ్యాపారాలు పెరిగితే పేదరికం ఎట్లా తగ్గుతుందో ఒక చదువుకున్న కుర్రవాడు ఆ తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. పేదరికం అనే గీత జారుడుబండ మీద పిల్లవాడిలా సర్రున కిందికి జారిపోతోంది. అది చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఈర్ష్యా కలిగింది. మా రోజుల్లో ఆ గీత అట్లా జారేది కాదు, మొండి దున్నపోతులా నడిబజారులో కూలబడేది, దాన్ని లేపాలంటే ఒకరు ముందు నుంచి పగ్గం లాగాలి, ఒకరు వెనక నుంచి తోక మెలిపెట్టాలి, అయినా అది తన ఇష్టం వచ్చినప్పుడే లేచేది. కుర్రవాడు మంచివాడు. నన్ను పాతకాలపు వ్యాపారి అని పరిచయం చేసి రెండు నిమిషాలు మాట్లాడమన్నాడు. మైకు నా ఎత్తుకు దించేసరికి ఒక నిమిషం పోయింది, మా మేనమామ గొంగళ్ళ వ్యాపారం సంగతి ఎత్తుకునేసరికి రెండోది పోయింది. మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదువుతారు కాబట్టి మరచిపోయినచోట మీరే పూరించుకోండి.

మా వాడ తిరుమలగిరి దాటిన తర్వాత మెట్ట మీద ఉండేది. వానను నమ్ముకుంటే జొన్నలూ ఆముదాలూ, నమ్ముకోకపోతే గొర్రెలు, అంతే మా బతుకు. మాది గొర్రెల కాపరుల వాడ. మగవాళ్ళు మందను కాసేవారు, బొచ్చు కత్తిరించాక ఆడవాళ్ళు వడికేవారు, ఆ దారంతో మళ్ళీ మగవాళ్ళు గొంగళ్ళు నేసేవారు. ఆడవాళ్ళ చేతిలో కదురు తిరగని వేళ నేను చూడలేదు. నీళ్ళకు పోతూ వడికేవారు, తగవు పడుతూ వడికేవారు, తగవు ముదిరితే దారం సన్నగా వస్తుందని మా పెద్దనాయిన పరాచికమాడేవాడు. ఆయన ఆడే పరాచికం ఏడాదికి అదొక్కటే. మా నాయినకు అన్న ఆయన. మా నాయిన నా చిన్నతనంలోనే పోతే మా అమ్మనూ నన్నూ తన గుమ్మంలోనే ఉంచుకొని సాకాడు. వాడలో అందరికంటే బాగా నేసేవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. ఆ రెండు గుణాల్లో ఒక్కటీ నాకు అబ్బలేదు. నేను నేసిన మొదటి గొంగడిని ఆయన వెలుగుకు ఎత్తి చూసి, ఇందులో నుంచి గొర్రెపిల్లను తోలుకుపోవచ్చునని చెప్పి, మర్యాదగా మడిచి నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నన్ను మగ్గం దగ్గరికి రానివ్వలేదు.

నేతలో గడ్డు పని గంజి పెట్టడం. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురుగా గంజి తయారవుతుంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, వాడ బజారు పొడవునా బిగించి పట్టుకొని, ఎండ ముదరకముందే ఆ గంజిని కుంచెతో పట్టించాలి. అటో ఇటో వదులైతే చెడుతుంది. పక్కన నిలబడ్డవాళ్ళు అతుక్కుపోయిన దారాలను వేళ్ళతో విడదీస్తూ నడవాలి. ఇదంతా కుదిరిన గొంగడి మీద వాన చినుకు నిలవదు, పడ్డది పడ్డట్టే జారిపోతుంది. కుదరకపోతే అది గొంగడి కాదు, జల్లెడ. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదు గనక ఎవరి పడుగు బజారున పడ్డా వాడంతా వచ్చి పట్టేది. దానికి బదులు అని పేరు. ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. పిలవడం ఉండేది కాదు, రాకపోవడమూ ఉండేది కాదు. గొర్రె మేసిన చేను కోసమో, ఎప్పుడో పెళ్ళిలో పెట్టని తాంబూలం కోసమో మాటలు మానుకున్నవాళ్ళు కూడా పడుగు దగ్గరికి వచ్చి, చెరో కొసా పట్టుకొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పని మాత్రం ఒక్క మనిషి చేసినట్టు చేసి వెళ్ళిపోయేవారు.

ఇంతచేసి నేసిన గొంగడి మా చేతుల్లో నిలిచేది కాదు. దొర ఉండే గడీలో పండుగైతే గొంగళ్ళు, గడీకి తాసీల్దారు వస్తే గొంగళ్ళు, వచ్చినాయన తిరిగిపోతూ చలిగా ఉందంటే మళ్ళీ గొంగళ్ళు. వెట్టి అంటే ఏమిటో మీకు నేను వివరించే పని లేదు. ఆ తర్వాతి గొడవలూ మీరు చూసినవే, రజాకార్లూ, సంఘపోళ్ళూ, చివరికి యూనియన్ సైన్యమూ. దొర గడీకి తాళం వేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. నేసిన గొంగడి నేసినవాడి ఇంట్లోనే ఉండిపోవడం మా వాడ మొదటిసారి చూసింది. కొన్నాళ్ళు అదొక పండుగ, దండేల మీద వేసుకొని చూసుకునేవాళ్ళం. తర్వాత్తర్వాత ఆ దండేలే మమ్మల్ని చూడడం మొదలుపెట్టాయి. గొడవల్లో అంగళ్ళు మూతపడ్డాయి. చుట్టుపట్ల ఊళ్ళలో కొనాల్సినవాళ్ళ దగ్గర మా దగ్గర ఉన్నంతే ఉంది, అంటే ఏమీ లేదు. మునుపు ఊరికే ఎత్తుకుపోయేవాడైనా ఒకడుండేవాడు, ఇప్పుడు ఊరికే తీసుకుపొమ్మన్నా వచ్చేవాడు లేడని నేనంటే మా అమ్మ అట్లకాడ పైకెత్తింది.

పెద్దనాయిన అట్లకాడ ఎత్తలేదు, నవ్వనూ లేదు. ఆ ఎండాకాలం ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. వానలు పడేలోగా గొంగళ్ళు అమ్ముడుపోకపోతే మందను కటికవాళ్ళకు ఇచ్చేసి, ఇంటిల్లిపాదితో కోదాడ దగ్గర సుంకం వసూలు చేసే నాకా దాటి, కృష్ణా జిల్లా మాగాణుల్లో నాట్ల కూలికి పోవడం. ఆయన కదిలితే వాడంతా కదులుతుందని అందరికీ తెలుసు. మంద ఒకసారి పోతే బొచ్చు లేదు, బొచ్చు లేకపోతే నేత లేదు, ఇక తిరిగివస్తే మాత్రం ఏ పని చూసుకొని రావాలి? ఆయన పొద్దున్నే మందను తోలుకుపోతూ ఒక్కొక్క గొర్రె వీపు మీద చెయ్యి వేసి వదిలేవాడు. అది చూడలేక నేను వేరే దారిన పోయేవాణ్ణి.

అట్లాంటప్పుడు దిగాడు మా మేనమామ. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు మీద ఆయనకు ఉప్పూ కిరసనాయిలూ పగ్గాలూ అమ్మే దుకాణం ఉండేది. మా పెద్దనాయిన బిడ్డనే ఆయనకు ఇచ్చారు. ఆ లెక్కన ఆమె నాకు అక్కా అవుతుంది, అత్తా అవుతుంది. అత్త అంటే భయపడాలి, అక్క అంటే అక్కర్లేదు కాబట్టి నేను అక్క అనే పిలిచేవాణ్ణి, భయం మాత్రం అత్తకు పడాల్సినంతా పడేవాణ్ణి. మామ విషయానికి వస్తే ఆయన దానకర్ణుడేమీ కాదు. ఉప్పు తూచేటప్పుడు ఊపిరి బిగబట్టి తూచేవాడు, ఊపిరి తగిలి ఒక పలుకు ఎక్కడ కొనేవాడి వైపు పడిపోతుందోనని. కాని వానాకాలం బండివాళ్ళు తన చూరు కింద ఆగి గొంగడి ఉందా అని అడిగి, లేదంటే తడుస్తూ పోవడం ఆయన కళ్ళతో చూశాడు. కోదాడ దాకా పోతే మాగాణి రైతులు కూడా నాట్ల కాలంలో గొంగళ్ళ కోసం వెతుక్కుంటారని విన్నాడు. ఒకపక్క తడిసేవాళ్ళు, ఒకపక్క దండేల నిండా గొంగళ్ళు. ఆ రెండింటి మధ్య తన దుకాణం ఉండడం ఆయనకు దేవుడు కన్ను గీటినట్టు అనిపించిందట.

వాడకు వచ్చి పెద్దనాయిన ముందు కూర్చొని ఒక్క మాట చెప్పాడు. "మీకు అమ్ముడు రాదు, నాకు నేసుడు రాదు. ఇగ కలిస్తె తప్పేంది మామా?"

పెద్దనాయిన అల్లుడితో, "దొర గూడ మంచిగనే మాట్లాడేటోడు," అన్నాడు.

"దొర తీస్కపోయినంక మల్ల వచ్చేది తీస్కపోయేటందుకే. నేను తీస్కపోతె ఇచ్చేటందుకు రావాలె, లేకుంటె నీ బిడ్డ నన్ను ఇంట్లకు రానియ్యది," అన్నాడు మామ. ఆ పూచీ పెద్దనాయినకు నచ్చింది.

అమ్మే పని నాకు అప్పగించారు. చేతులు పనికిరావని తేలాక మిగిలింది నోరే గదా. నేను కోదాడ అంగడిలో నడిమధ్య గొంగడిని తల మీదుగా ముసుగులా కొప్పెర పెట్టుకొని గొంతుక్కూర్చునేవాణ్ణి, మా బండివాడు బిందెడు నీళ్ళు నా నెత్తిన పోసేవాడు, అత్తగారింటికి పోయే అల్లుడు ఎంత పొడిగా పోతాడో చూడండని అరుస్తూ నేను గొంగడి తీసి పొడి జుట్టు చూపించేవాణ్ణి. జనం నవ్వేవారు, నవ్వినవాడు తడిమి చూసేవాడు, తడిమినవాడు సగం కొన్నట్టే. కోదాడ మాట సగం ఆంధ్ర మాట, అక్కడి పెద్ద శావుకారు ఒకాయన రెండు మూడు వారాలు నా నాటకం చూసి, "నీ జుట్టు సంగతి నాకెందుకయ్యా, వానల ముందర బండ్లకు బండ్లు తేగలరా లేదా, అది చెప్పు," అన్నాడు. తేగలమని నేను ఆ నోటితోనే చెప్పేశాను. సూర్యాపేట చేరి ఆ మాట మామతో అంటే ఆయన ఆ పూట ఉప్పు ఊపిరి పీల్చుకుంటూ తూచాడు.

అక్కడే తప్పు జరిగింది. అది తప్పులా కనిపించే తప్పు కాదు, ఏ వ్యాపారైనా చేసేదే. మామ వాడకు వచ్చి బజారులో చాప పరిచి, వచ్చిన గొంగళ్ళను రెండు కుప్పలు పెట్టించాడు. బాగున్నవి ఒక పక్క, వాటికి ఎక్కువ ధర. అంతంతమాత్రంగా ఉన్నవి ఇంకో పక్క, వాటికి తక్కువ. పోటీ పడితే అందరూ బాగా నేస్తారని ఆయన ఆశ. పెద్దనాయినవి ఎప్పుడూ మంచి కుప్పలోనే పడేవి. రెండో కుప్పలో పడినవాళ్ళు ముందు తమ గొంగడిని చూసుకున్నారు, తర్వాత పక్కవాడి గొంగడిని చూశారు, ఆ తర్వాత పక్కవాడిని చూడడం మానేశారు. ఒక ఇల్లాలు నీళ్ళ బావి దగ్గర పైకే అనేసింది. "నేను పోయి వాండ్ల పడుగు పడితె వాడు మంచిగ నేసి మంచి కుప్పల ఏస్తడు, మాది సెడ్డ కుప్పల పడతది. నా చేతులతోని నన్నే నూకేసుకోవాల్నా?"

మాట సబబుగానే ఉంది, అదే దాని విషం. ఒక్కొక్కరే బదులుకు రావడం మానేశారు. గంజి ఎవరింట్లో వారు చిన్న కుండలో కాచుకొని, పడుగు ఎవరి వాకిట్లో వారు ముక్కలు ముక్కలుగా చాపుకొని, మొగుడు ఒక కొస పెళ్ళాం ఒక కొస పట్టుకొని, మధ్యలో దారాలు విడదీసే చేతులు లేక పిల్లల మీద కేకలు వేసుకుంటూ పని కానిచ్చేవారు. అందరికంటే బాగా నేసే పెద్దనాయిన పడుగుకు అందరికంటే ముందుగా మనుషులు కరువయ్యారు. ఆయన ఎవరినీ పిలవలేదు. పిలవడం ఎరగని మనిషి. పెద్దమ్మా, మా అమ్మా, నేనూ పట్టాం, నేను పట్టడమంటే మీకు తెలుసు గదా.

ఆ సరుకు నేను మిర్యాలగూడ అంగడికి తీసుకుపోయాను. అప్పటికి ఆ వైపు కాలవల నీళ్ళు లేవు, మా లాగే మెట్ట, అయినా అంగడి పెద్దది. మామూలుగా కూర్చున్నాను, మామూలుగా అరిచాను, బండివాడు మామూలుగా బిందె వంచాడు. ముందు మెడ మీద ఏదో చల్లగా పాకింది. తర్వాత వీపు. తర్వాత ఇక దాచడానికి ఏమీ లేదు, గొంగట్లో నుంచి నీళ్ళు నా ముక్కు కొన దాకా వచ్చి అక్కడ నుంచి ధారగా పడుతున్నాయి. బయటి నుంచి ఒకడు, "ఆపుండ్రి ఆపుండ్రి, లోపలున్నోడు బెల్లం గడ్డ ఉన్నట్టున్నడు, కరిగిపోతుండు," అన్నాడు. ఒక ముసలామె ముందుకు వంగి ఎంతో ఆప్యాయంగా, "తానం మంచిగైంది గద బిడ్డా, సున్నిపిండి గూడ తెమ్మంటవా?" అని అడిగింది. జనాన్ని నవ్వించడమే పనిగా బతికినవాణ్ణి, నా జన్మలో అంతమందిని అంత బాగా ఎప్పుడూ నవ్వించలేదు. ఒక్క గొంగడి అమ్ముడుపోలేదు.

నా బట్టలు ఆరేలోపల ఆ కబురు బండివాళ్ళ నోట కోదాడ చేరింది. శావుకారు దగ్గర నుంచి మామకు మాట వచ్చింది, కోపంగా కాదు, చల్లగా. గొంగళ్ళు తెచ్చి తన కళ్ళ ముందు నీళ్ళు నిలిపి చూపించాలి, నిలిస్తే మొత్తం తీసుకుంటాడు, కారితే బండ్లు వెనక్కి తిప్పుకొని పోవచ్చు. మా పెద్దనాయిన అది విని మందను చూసిపొమ్మని కటికవాళ్ళకు కబురు పంపాడు.

మామ ఇంటికి పోయి ఈ సంగతి చెప్పి నిట్టూరిస్తే మా అక్క ఆ నిట్టూర్పు పూర్తి కానివ్వకుండా బండి కట్టించిందట. వాడకు వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా గంప నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, వేయించిపెట్టుకున్న చింతగింజలన్నీ ఎత్తుకొచ్చింది. అందరివీ కలిపి రుబ్బుతానంటే మంచిదే గదా అని అందరూ ఇచ్చారు. పెళ్ళిళ్ళకు అన్నం వండే పెద్ద కుండ ఒకటి వాడకంతా ఉమ్మడిగా ఉండేది. బజారు మధ్యలో మూడు రాళ్ళు వేసి దాన్ని ఎక్కించి, గింజలన్నీ అందులోనే ఉడికించి, గరిటె పట్టుకొని పక్కన కూర్చుంది. ఎవరి చిన్న కుండ వారు తెచ్చుకొని వరస కట్టారు.

"గంజి ఇంటికి ఇయ్య," అంది అక్క. "పడుగుకు ఇస్త. పడుగు ఈ బజార్ల పడాలె, అందరు పట్టాలె. ఎవల పడుగని అడిగినోళ్ళకు గంజి లేదు."

గుసగుసలు లేచాయి. అందరి వెనక నుంచి పెద్దనాయిన ముందుకు వచ్చాడు. ఆయన మాట్లాడితే వాడ వింటుంది. "నా ఇంటి గింజలు గూడ అండ్ల ఉన్నయ్ గద బిడ్డా," అన్నాడు నెమ్మదిగా.

"ఉన్నయ్ నాయినా," అంది అక్క, గరిటె ఆయన చేతికి అందిస్తూ. "ఏవి నీయో ఏరుకొని తీస్కపో."

ఆయన ఆ గరిటె పట్టుకొని కుండలోకి చూస్తూ అట్లాగే నిలబడ్డాడు. గంజి కుతకుతమంటోంది. నాకు నోటి చివర ఒక పరాచికం వచ్చింది గాని, నా జీవితంలో నేను మింగేసిన కొద్దిపాటి పరాచికాల్లో అదొకటి. కాసేపటికి ఆయన గరిటెతో గంజిని అడుగంటకుండా కలపడం మొదలుపెట్టాడు. అంతే, అదే ఆయన జవాబు.

అక్క పని అక్కడితో కాలేదు. మొగుడి వైపు తిరిగి, రెండు కుప్పలు పెట్టడం బందు చేయమంది. మామ వ్యాపారి గదా, చెడ్డ గొంగడిని మంచి ధరకు నేనెందుకు కొంటానని ఎదురు తిరిగాడు.

"సెడ్డది నీ దాక రానిస్తె గద," అంది అక్క. "వాడ మొత్తానికి ఒక్కటే ధర పెట్టు. గప్పుడు పక్కింటోడు సెడగొడితె నష్టం నాకు. నష్టమని నేనే పోయి వాని పడుగు పడత. నువ్వు కావలి ఉండే పని తప్పుతది, నీ చాప గూడ అరగదు."

మామ ఆలోచించాడు. మంచితనానికి లొంగే మనిషి కాదు, లెక్కకు లొంగే మనిషి. ఆ లెక్క ఆయనకు కుదిరింది. నాకు అప్పుడు తెలియలేదు గాని, ఆ సభలో కుర్రవాడు తెర మీద అంతసేపు చెప్పింది మా అక్క ఆ గరిటె పక్కన కూర్చొని చెప్పిందే అనుకుంటాను. అయితే ఆమె దగ్గర బొమ్మలు లేవు.

మర్నాటి పొద్దున నుంచి బజారున పడుగులు పడ్డాయి. మొదటి రోజు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, నా మాట ఒక్కటే వినపడేది, నాకు కూడా కొస ఇచ్చి, బిగించి పట్టుకోవడం తప్ప ఇంకేమీ చేయవద్దని ఒట్టు పెట్టించుకున్నారు. తర్వాత ఒకరి వేళ్ళకు అంటిన గంజి చూసి ఇంకొకరు నవ్వారు. బావి దగ్గర మాట అన్న ఇల్లాలు పెద్దనాయిన పడుగు పక్కనే నడుస్తూ దారాలు విడదీయడం నేను చూశాను. ఆమె ఆయనను చూడలేదు, ఆయన ఆమెను చూడలేదు, పడుగు మాత్రం వీణ తీగలా బిగిసి ఉంది.

మొదటి మబ్బులు పడమట కనపడుతున్నప్పుడు బండ్లు కట్టుకొని కోదాడ పోయాం. పెద్దనాయిన కూడా వచ్చాడు. కటికవాళ్ళను మేం తిరిగివచ్చాక రమ్మన్నాడు. శావుకారు తన వాకిట్లో నాలుగు గుంజలు పాతించి, బండిలో నుంచి తనకు నచ్చిన గొంగడి ఒకటి తానే లాగి, నాలుగు కొసలూ గుంజలకు కట్టించి, ఉయ్యాలలా వేలాడే దాని నడుములో నీళ్ళు పోయించాడు. కింద నేల మీద పొయ్యి బూడిద పల్చగా చల్లించాడు. ఒక్క చుక్క పడ్డా బూడిద మీద మచ్చ కనపడుతుంది. పొద్దున చద్దివేళ పోసిన నీళ్ళు మధ్యాహ్నం దాకా నిలవాలన్నాడు. పెద్దనాయిన దానికి వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నాడు. మామ చేతులు వెనక్కి కట్టుకొని తిరుగుతున్నాడు. నేను గొంగడి కింద తల పెట్టి బూడిదను చూస్తూ కూర్చున్నాను. ఎండ మండుతోంది, గొంగట్లో నీళ్ళు కదలకుండా ఆకాశాన్ని చూస్తున్నాయి.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు శావుకారు అన్నం తిని, తాంబూలం నములుతూ వచ్చి వంగి చూశాడు. బూడిద మీద వేలి మొన అంత మచ్చ ఉంది. పక్కన ఇంకొకటి.

"ఇదేమిటయ్యా?" అన్నాడు.

మామ ముఖం బూడిద కంటే తెల్లగా అయింది. పెద్దనాయిన వెనక్కి తిరగలేదు గాని వీపు బిగిసింది. నేను మాట్లాడబోయాను, నా గడ్డం మీద నుంచి ఒక చెమట చుక్క జారి సరిగ్గా శావుకారు వేలు పెట్టిన చోటు పక్కన పడింది. మూడో మచ్చ. శావుకారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గొంగడి అడుగును అరచేత్తో తడిమాడు, పొడిగా ఉన్న అరచెయ్యిని నాకే చూపించాడు. "గొంగడి మంచిదే. కారేది నువ్వు. నువ్వు పక్కకు తప్పుకో," అన్నాడు. కొత్త బూడిద చల్లించి ఇంకాసేపు ఆగాడు, అది చల్లింది చల్లినట్టే ఉంది. బండ్లన్నీ దింపించుకున్నాడు, వచ్చే ఏడు కూడా తానే తీసుకుంటానని నలుగురిలో చెప్పాడు. పెద్దనాయిన అప్పుడు లేచి వచ్చి, గొంగట్లో చెయ్యి ముంచి, ఆ నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు.

కటికవాళ్ళు వచ్చి మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. మంద నిలిచింది. ఆ వానాకాలం మా వాడ నుంచి నాకా దాటి నాట్లకు పోయినవాళ్ళు లేరు. అక్కడితో ఆగలేదు. ఊళ్ళో జనం పారేసే చింతగింజలకు మామ ధర కట్టేసరికి, గొర్రెలూ మగ్గాలూ ఏమీ లేని ముసలివాళ్ళు గింజలు ఏరి తెచ్చి ఉప్పూ జొన్నలూ పట్టుకుపోయేవారు. బండ్లకు కిరాయి దొరికింది. ఎవరి పిల్లవాణ్ణో బడికి పంపారని, ఎవరింటి మీదికో పెంకు ఎక్కిందని వినపడేది. మామ కూడా బాగుపడ్డాడు, దుకాణం ముందు రేకుల పందిరి వేశాడు, ఉప్పు తూచేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టడం మానలేదు. ఆయన మాకు దానం చేయలేదు, అందుకే మేం ఆయన ముందు తల వంచుకోలేదు. ఆయనకు మా చేతులు కావలసి వచ్చాయి. పేదవాడికి జాలి దొరకడం కంటే అట్లా అవసరపడడం ఎంత పెద్ద సంగతో, కొసలు పట్టుకొని నిలబడినవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వాడలో మగ్గం లేదు. మిల్లు రగ్గులు వచ్చాయి, ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి, గొర్రెల బొచ్చు కత్తిరించి కంపలో పారేస్తున్నారు. మనవలు సూర్యాపేటలో కొట్లూ ఉద్యోగాలూ చూసుకుంటున్నారు, మోటారు సైకిళ్ళ మీద పోయి చీకటి పడేసరికి వస్తున్నారు. బజారు సిమెంటు అయింది. ఎవరి ఇంటికి వారి గేటు, గేటుకు తాళం. ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగని పూట లేదు, కాని పక్కింటి పొయ్యి మీద ఏముందో ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఆ సిమెంటు బజారులో నడుస్తుంటే రెండు చివరలా మనుషులు లేని ఆ పొడవు నాకు గుండెల్లో ఎక్కడో వదులుగా తగులుతుంది.

ఈ సంగతే మా అక్క ఇంట్లో అన్నం తింటూ అన్నాను. ఆమెకు చూపు మందగించింది, నోరు మందగించలేదు. ఆ రోజులే నయం అక్కా, ఇప్పుడు కొస పట్టేవాడు ఎవడున్నాడు అని నేను నిట్టూరిస్తే ఆమె పప్పు వడ్డిస్తూ విన్నది, గిన్నె కింద పెట్టి చెప్పింది.

"నువ్వు పట్టింది ఎన్ని పొద్దులు తమ్మీ? నీకు గదంత పాట లెక్క యాదికున్నది, మాకు వేళ్ళు పగిలింది యాదికున్నది. మన పిల్లలు గా కొస పట్టకుంటనే కడుపునిండ తినాల్ననే గద గా కుండ పొయ్యి మీద పెట్టింది. తింటున్నరు. నువ్వు గూడ తిను, సల్లారిపోతది."